పద్నాలుగో బిళ్ళ

నాలుగు గంటల వ్యానుకి చెల్లి వెళ్ళిపోతుందని ఖాయమైన దగ్గర్నుంచి నేను గడియారం వైపు చూడటం మానేశాను. చూడకపోతే అది ఆగుతుందని కాదు. చూసిన ప్రతిసారీ గేటు పుస్తకంలో నంబర్లు తప్పు పడుతున్నాయి.

నా పని కొండ గేటు దగ్గర. మా లాడ్జిలో ఇరవై రెండు గదులు. వచ్చినవాళ్ళు రెండు రోజులో మూడు రోజులో ఉంటారు. తింటారు, నిద్రపోతారు, ఆటల గదిలో క్యారమ్స్ ఆడతారు, వెనకున్న కొండ ఎక్కి పైనుంచి లోయ చూసి దిగుతారు. ఆ కొండ దారి మొదట్లో గేటు, గేటు పక్కన చెక్కబోర్డు, బోర్డుకి నలభై కొక్కేలు, నలభై ఇత్తడి బిళ్ళలు. ఎక్కేవాళ్ళకి మనిషికో బిళ్ళ ఇచ్చి గది నంబరు, బిళ్ళ నంబరు రాసుకోవాలి. దిగినవాళ్ళు బిళ్ళ తెచ్చి మళ్ళీ కొక్కేనికి తగిలిస్తారు. మూడున్నర దాటితే పొగమంచు దిగుతుంది, ఆ లోపల బోర్డు నిండాలి. నిండితే గేటుకి తాళం వేసి నా దారిన నేను పోవచ్చు. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా కదలడానికి లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని.

చెల్లిది దుప్పట్ల గది. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఇరవై రెండు గదుల దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు దాని చేతిమీదుగానే వెళ్ళాలి, దాని చేతికే రావాలి. ఇద్దరిదీ ఒకే గది, రెండు మంచాలు, ఒక కిటికీ. సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన అరవై గదుల హోటల్లో దుప్పట్ల గది మొత్తం దాని చేతికిస్తామని కబురు వచ్చింది. కింద నలుగురు మనుషులట. సరేనంది. నన్ను అడగలేదు. అడిగితే ఏమంటానో దానికి తెలుసు.

నాకు ఒక దరిద్రం ఉంది. అమ్మ పోయినప్పుడు నేను మందుల షాపులో వరుసలో నిలబడి ఉన్నాను. మా ఆయన పోయినప్పుడు ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకురావడానికి ఆస్పత్రి మెట్లు దిగాను, ఎక్కి వచ్చేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు. వెళ్ళేవాళ్ళెవరూ నేను పక్కనుండగా వెళ్ళలేదు. అందుకని చెల్లి వెళ్తానన్నప్పుడు ఆపాలని చూశాను. మొదటిసారి వ్యాను వచ్చే వేళకి గుండెల్లో నొప్పి అన్నాను. నిజంగానే ఉంది, కాకపోతే వ్యాను వెళ్ళిపోగానే తగ్గిపోయింది. రెండోసారి దాని పెట్టె తాళంచెవి కనబడలేదు. గదంతా వెతికాం. వ్యాను వెళ్ళాక టీపొడి డబ్బాలో దొరికింది. డబ్బాలో నేనే వేశానో, చేతిలో ఉన్నది ధ్యాస లేక వేశానో, ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను. అప్పటినుంచి పదకొండు రోజులు అది నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

కాబట్టి ఈ మూడోసారి నేను నిర్ణయించుకున్నాను. ఏ గొడవా పెట్టను. నాలుగింటికల్లా గేటు వేసి, వ్యాను పక్కన నిలబడి, అది ఎక్కేదాకా చూసి, చెయ్యి ఊపుతాను. ఒక్కసారైనా, ఒక్క మనిషినైనా ఎదురుగా నిలబడి సాగనంపాలి. ఇంక ఏమీ అక్కర్లేదు.

పదకొండో గది వాళ్ళు ఒంటిగంటకి వచ్చారు. యాభై దాటిన ఆలూమగలు. ఆయన చంకలో లావుపాటి పుస్తకం, ఆవిడ భుజాన నీళ్ళ సీసా. ఆవిడ బోర్డు పైన రాసింది చదివి, "మనిషికొకటి కదండీ," అని చెయ్యి చాపింది. నేను పద్నాలుగో బిళ్ళ ఒక్కటే తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇద్దరూ కలిసేగా వెళ్తారమ్మా, ఒకటి చాలు," అన్నాను.

ఇది నా సొంత తప్పు, ఎవరూ నేర్పలేదు. నేను పనిలో చేరిన మొదటి ఏడాది కొత్తగా పెళ్ళైన జంట ఒకటి రెండు బిళ్ళలు తీసుకుని నవ్వుకుంటూ ఎక్కారు. పైన ఏం మాట వచ్చిందో, ముందు ఆ అమ్మాయి దిగి తన బిళ్ళ తగిలించింది. గంట తర్వాత అతను దిగి తనది తగిలించాడు. సాయంత్రం వ్యానులో ఆ అమ్మాయి ఒక్కతే వెళ్ళింది. మర్నాడు అతను. ఆ రెండు బిళ్ళలూ విడివిడిగా ఇచ్చి నేనే వాళ్ళని రెండు దారులు పట్టించినట్టు మనసులో నాటుకుపోయింది. పిచ్చి అని నాకూ తెలుసు. తెలిసినా ఆనాటి నుంచి ఆలూమగలకి ఒక్క బిళ్ళే ఇస్తున్నాను. పుస్తకంలో గది నంబరు, బిళ్ళ నంబరు తప్ప మనుషుల లెక్క రాసే గడి లేదు కనుక ఎవరూ పట్టుకోలేదు. చెల్లి ఒక్కతే కనిపెట్టింది. "ఏదో ఒకరోజు కొంప ముంచుతావే అక్కా," అంది అప్పట్లోనే.

రెండున్నరకి గేటు వదిలి గదికి పరిగెత్తాను. చెల్లి సంచి మంచం మీద పెట్టుకుని కూర్చుంది.

"గేటు వదిలి ఎందుకొచ్చావు?"

"ఊరికే. సంచి జిప్పు పడిందో లేదోనని."

"పడింది. పో."

"టార్చిలైటు పెట్టుకున్నావా?"

"అరవై గదుల హోటల్లో లైట్లుండవా?"

"ఉన్నవి పోవా ఏంటి."

"నువ్వక్కడ ఉండవుగా, ఏవీ పోవు." అలా అని, నవ్వు వస్తుంటే పళ్ళు బిగించింది. "ఇదిగో, చెబుతున్నా. నాలుగింటికి బుద్ధిగా వచ్చి వ్యాను పక్కన నిలబడు. గుండెనొప్పులు వద్దు, తాళంచెవులు పోవడాలు వద్దు. ఈసారి కూడా ఏదన్నా చేశావంటే ఇంక నాకు అక్క లేదనుకుంటాను."

"ఏమీ చెయ్యను."

"ముఖం చూడు, ఎలా పెట్టావో. పో, బోర్డు నింపుకో."

పది నిమిషాల్లోపే తిరిగొచ్చాను. అప్పటికి తొమ్మిది కొక్కేలు ఖాళీ. మూడుంబావుకి మూడు. మూడున్నరకి ఒకటే, పద్నాలుగు. పైన చెట్ల కొనలు కనబడటం మానేశాయి. కాలు నిలవక నేను గేటుకీ బోర్డుకీ మధ్య తిరుగుతున్నాను.

మూడూ ముప్పై ఐదుకి పదకొండో గదాయన మంచులోంచి దిగివచ్చాడు, ఒక్కడే. బిళ్ళ కొక్కేనికి తగిలించి, నా వైపు చూడకుండా నడిచాడు.

"బాబూ, అమ్మగారు?" అన్నాను.

"తను ముందే వచ్చేసింది. గంటైంది."

"నేను చూడలేదే."

"మీరు చూడకపోతే నేనేం చెయ్యనండీ. కోపం వచ్చి దిగిపోయింది. ఎక్కడో టీ తాగుతూ ఉంటుంది."

బోర్డు నిండింది. నలభై బిళ్ళలూ వరసగా వేలాడుతున్నాయి. గేటు మూసి తాళం తిప్పాను. చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. ఆవిడ నేను గదికి వెళ్ళిన ఆ పది నిమిషాల్లో వచ్చి ఉంటుందా? వచ్చి ఉండొచ్చు. కానీ గంట క్రితం దిగడం మొదలుపెట్టిన మనిషి కిందికి రావడానికి అరగంట పడుతుంది. అప్పటికి నేను గేటు దగ్గరే ఉన్నాను.

రిసెప్షన్‌కి వెళ్ళి చూశాను. పదకొండో గది తాళంచెవి మేకుకే ఉంది. భోజనాల హాల్లో ఇద్దరు ముసలాళ్ళు పేపరు చదువుకుంటున్నారు. ఆటల గదిలో పిల్లలు క్యారమ్స్ చుట్టూ మూగి కొట్లాడుకుంటున్నారు. ఉయ్యాలల తోటలో ఉయ్యాలలన్నీ తడిసి ఊరికే ఉన్నాయి. చదువుకునే గదిలో పదకొండో గదాయన అప్పుడే కుర్చీలో జారబడి పుస్తకం తెరిచాడు.

"అమ్మగారు కనబడలేదు బాబూ," అన్నాను.

"ఆవిడ చిన్నపిల్ల కాదండీ. పదిమందీ తనకోసం కంగారు పడాలనే ఈ వేషాలు. పడకండి." పేజీ తిప్పాడు.

మూడూ నలభై ఐదు. వాకిట్లో వ్యాను వచ్చి ఆగి ఉంది. డ్రైవరుని మేమందరం ఐదు నిమిషాలు అని పిలుస్తాం. బయల్దేరడానికైనా చేరడానికైనా ఎంతసేపని అడిగితే ఆ ఒక్క మాటే చెబుతాడు. పైన సామాన్లు కడుతున్నాడు. చెల్లి సంచి అప్పటికే పైకెక్కింది. మేనేజరు ఒక కుటుంబాన్ని వ్యాను ఎక్కిస్తున్నాడు. వాళ్ళకి ఆరింటికి రైలుంది.

మేనేజరు పక్కకి వెళ్ళి చెప్పాను. అతను నా మాట సగం విని అడిగాడు.

"పెద్దమ్మా, బోర్డు నిండిందా లేదా?"

"నిండింది బాబూ."

"మరింకేంటి?"

"నిండింది గానీ అబద్ధం. నేను ఇద్దరికి ఒక్క బిళ్ళే ఇచ్చాను."

అతను నన్ను చూశాడు, చేతి గడియారం చూశాడు, వ్యాను పైన చెల్లి సంచి చూశాడు. అతని మనసులో మాట ముఖం మీదికి వచ్చేసింది.

"మొన్న గుండెనొప్పి. ఆ తర్వాత తాళంచెవి. ఇవాళ గెస్టే మాయమైందా?"

"ఇది నిజం బాబూ."

"పంతొమ్మిదేళ్ళుగా మనిషికో బిళ్ళ ఇస్తున్నారు. సరిగ్గా ఇవాళే ఒక్కటి ఇచ్చారా?"

ఇవాళే కాదు, ఎన్నో ఏళ్ళుగా ఇలాగే ఇస్తున్నాను అని చెప్పాలి. చెబితే ఈ గేటు రేపటికి నాది కాదు. చెప్పాను. అతను నమ్మలేదు. ఉద్యోగం పోగొట్టుకునేంత అబద్ధం కూడా నేను ఆడగలనని అతని కళ్ళలో కనబడింది. పైనున్న డ్రైవరు తాడు లాగుతూ, "పెద్దమ్మ ఈసారి గట్టి స్కెచ్చే వేసింది," అన్నాడు. వ్యానులో ఎవరో నవ్వారు.

"సరే, తోటమాలి నాలుగున్నరకి వస్తాడు. రాగానే పైకి పంపుతాను," అన్నాడు మేనేజరు. "మీరు వెళ్ళి చెల్లెల్ని సాగనంపండి. అనవసరంగా బుర్ర పాడుచేసుకోకండి."

నాలుగున్నరకి చెట్ల కింద చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు.

చెల్లి వ్యాను తలుపు దగ్గర నిలబడి మా మాటలన్నీ విన్నది. నేను దాని దగ్గరికి వెళ్ళేసరికి దాని ముఖం కందగడ్డలా అయిపోయింది.

"అక్కా, వద్దు," అంది నెమ్మదిగా. "అందరిలో నన్ను నవ్వులపాలు చెయ్యకు. దణ్ణం పెడతాను."

"నేను నిన్ను ఆగమనట్లేదు."

"గెస్టు పోయిందంటే వ్యాను ఆగుతుంది. నాకు తెలియదా నీ సంగతి?"

"పద్నాలుగో బిళ్ళ. ఆయన చేతిలో పెట్టాను. ఆవిడ అడిగింది కూడా. ఇవ్వలేదు."

అంతలో రైలందుకోవలసిన ఇల్లాలు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకెంతసేపండీ?" అంది. "ఐదు నిమిషాలమ్మా," అన్నాడు డ్రైవరు.

ఐదు నిమిషాలు అక్కడ నిలబడితే చాలు. నేను కోరుకున్నది అంతే. తోటమాలి వస్తాడు, వెతుకుతాడు. ఆవిడ దొరికినా దొరకొచ్చు. నిలబడదామనే అనుకున్నాను. కానీ ఆ మంచులో ఒక మనిషి ఉంది, ఉన్నట్టు భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. ఆమెకి ఏమన్నా అయిందంటే అప్పుడు కూడా నేను వేరే చోట ఉన్నట్టే.

"నువ్వు వెళ్ళు," అన్నాను చెల్లితో. "ఆగకు. నేను పైకెళ్తున్నాను."

దాని జవాబు కోసం చూడలేదు. చూస్తే అక్కడే ఉండిపోతానని తెలుసు. గేటు తాళం తీసి, బోర్డు వెనక వేలాడే ఈల మెడలో వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాను.

నేను ఆ దారి ఎక్కి ఏడేళ్ళయింది. మోకాళ్ళు ఒప్పుకోవు. పది అడుగులకోసారి ఆగి ఈల ఊది, చెవులు రిక్కించి విని, మళ్ళీ ఎక్కాను. నా ఊపిరి చప్పుడే నాకు పెద్దగా వినబడుతోంది. మంచు చెట్ల మొదళ్ళ దాకా వచ్చేసింది. కింద వ్యాను ఇంజను స్టార్టు చేసిన శబ్దం వచ్చింది. ఆగిపోయింది. మళ్ళీ స్టార్టయింది. నేను చెవుల మీద చేతులు పెట్టుకోలేను కదా, ఆవిడ పిలిస్తే వినాలి.

నీళ్ళ ట్యాంకు దగ్గర దిగే దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది నా గేటుకి. ఎడమది లాడ్జి వెనక బట్టలారేసే పెరటికి. అక్కడ ఒక చిన్న ఇనప గేటు. ఎండగా ఉన్న రోజుల్లో కూడా గెస్టులు తప్పిపోయి ఆ గేటులోంచి పెరట్లోకి వస్తుంటారు. చెల్లి వాళ్ళని తడి దుప్పట్ల మధ్యలోంచి నడిపించుకొచ్చి, "మీ చుట్టాలొచ్చారే అక్కా," అని నాకు అప్పజెప్పి పోతుంది. ఆ గేటు తాళంచెవి దాని దగ్గరే ఉంటుంది. పొద్దున తెరుస్తుంది, సాయంత్రం వేస్తుంది.

పొద్దున దాని తాళంచెవులన్నీ మేనేజరుకి అప్పగించేసిందని అప్పుడు గుర్తొచ్చింది. ఇవాళ ఆ గేటు ఎవరూ తెరవలేదు.

ఎడమ దారి పట్టాను. మెట్లు పాకుడు పట్టి ఉన్నాయి, కూర్చుని కూర్చుని దిగాను. ఈల ఊదాను. మూడోసారి ఊదితే కిందనుంచి, "ఇక్కడ," అని సన్నగా వినబడింది.

ఇనప గేటుకి ఇరవై మెట్ల పైన, కాలవ గోడ మీద కూర్చుని ఉంది. ఒక చెప్పు పట్టీ తెగి చేతిలో ఉంది. చీలమండ వాచింది. చీర అంచంతా బురద. నన్ను చూడగానే ముందు ముఖం తుడుచుకుంది.

"ఆయన పంపారా?"

"లేదమ్మా. నేనే వచ్చాను."

"నేను రాలేదని ఆయనకి తెలుసా?"

ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆవిడ నా ముఖం చూసి నవ్వేసింది.

"పుస్తకం చదువుకుంటున్నారు కదూ. పైన కూడా అదే. ఇంత లోయ ఉంది చూడండీ అంటే ఈ పేజీ అవనీ అన్నారు. నాకు ఒళ్ళు మండి దిగిపోయాను. గేటుకి తాళం. తట్టాను, పిలిచాను. బట్టలారేసే చోటులా ఉంది, ఒక్క పిట్ట లేదు. మళ్ళీ ఎక్కుదామంటే కాలు మడతబడింది." చెప్పు పక్కన పెట్టి అంది, "నాకూ ఒక బిళ్ళ ఇవ్వాల్సింది మీరు."

"ఇవ్వాల్సింది తల్లీ."

"అడిగాను కూడా."

"అడిగారు."

ఆవిడ చెయ్యి నా భుజం మీద వేసుకుని లేపాను. పైకి ఎక్కించడం నా వల్ల కాదు, కింద గేటుకి తాళం. గేటు దగ్గరికి చేరి ఇంకా గట్టిగా ఈల ఊదితే ఎవరన్నా వింటారేమోనని ఒక్కో మెట్టూ దిగుతున్నాం. అంతలో గేటు అవతల తాళం గొళ్ళెం చప్పుడైంది.

చెల్లి. ఊరికి కట్టుకున్న చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కొత్త చెప్పులు బురదలో ముంచి, రెండు చేతులతో తాళం తిప్పుతోంది. బిగుసుకుపోయిన తాళం. దాన్ని తిట్టింది, గేటుని తిట్టింది, చివరికి నన్ను తిట్టింది. గేటు తెరుచుకుంది.

"తెలుసు నాకు, ఎడమ దారే అయి ఉంటుందని," అంది. ఆవిడ వైపు చూసి, "దెబ్బ తగిలిందామ్మా? మెల్లిగా. ఆ తీగల కింద తల వంచండి," అని రెండో భుజం పట్టుకుంది.

"వ్యాను?" అన్నాను.

"ఆపాను. మేనేజరు దగ్గర తాళంచెవి తీసుకుని, నేను తిరిగి వచ్చేదాకా కదిలితే చక్రాల కింద పడుకుంటానన్నాను."

"నమ్మావా నన్ను?"

"నిన్నెవరు నమ్మారు? బిళ్ళ సంగతి నాకు తెలుసు కాబట్టి వచ్చాను." ఆవిడని తీగల కిందనుంచి దాటించి, అరుగు మీద ఒక్క క్షణం కూర్చోబెట్టి, నా మెడలో ఈల తాడు మెలిపడి ఉంటే సరిచేసింది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. "రేపటినుంచి మనిషికో బిళ్ళ ఇవ్వు."

"రేపు నన్ను గేటు దగ్గర ఉండనిస్తారో లేదో."

"ఉండనిస్తారు. నీ బదులు ఆ మంచులో ఎవరు కూర్చుంటారు?"

ముందు వాకిట్లోంచి హారన్ మోగింది. ఒకసారి. మళ్ళీ రెండుసార్లు. రైలు వాళ్ళెవరో అరుస్తున్నారు.

చెల్లి తాళంచెవి నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "మేనేజరుకి నువ్వే ఇచ్చెయ్యి," అంది. ఇంకా ఏదో చెప్పాలన్నట్టు నిలబడింది. నేను కూడా నిలబడ్డాను. పదకొండు రోజులు మా గదిలో ఎదురెదురు మంచాల మీద ఇలాగే ఉన్నాం. మళ్ళీ హారన్. అది కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దుప్పట్ల తీగల మధ్యలోంచి పరుగు తీసింది. యాభై ఆరేళ్ళ మనిషి పరుగు, చెప్పులు టపటపమంటూ. మూల తిరిగింది.

నేను ఆవిడని లేపాను. ముందు వాకిలి ఎనభై అడుగులు ఉంటుంది. ఒక్కదాన్నే అయితే అందుకునేదాన్ని. ఆవిడ బరువంతా నా మీద ఉంది, ఒక కాలు నేల మీద పెట్టలేదు. ఒక అడుగు, ఆగడం. ఒక అడుగు, ఆగడం. వ్యాను తలుపు ధడాలున పడింది. ఇంజను గొంతు మారింది.

"మీ చెల్లెలా?" అంది ఆవిడ, రొప్పుతూ.

"అవునమ్మా."

"ఎక్కడికి?"

"సముద్రం దగ్గర హోటల్లో పనికి."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

నెల రోజులుగా ఎందుకు వెళ్తున్నావని అడిగాను, వెళ్ళకపోతే ఏమని అడిగాను, నేనేమైపోతాననీ అడిగాను. ఈ మాట ఒక్కసారి కూడా అడగలేదు.

"తెలియదు," అన్నాను. "అడగలేదు."

మూల తిరిగేసరికి వాకిలి ఖాళీగా ఉంది. పదకొండో గదాయన పుస్తకంలో వేలు పెట్టుకుని మెట్ల మీద నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. మేనేజరు పరుగెత్తుకొస్తున్నాడు. కింద ఘాటు రోడ్డులో మొదటి మలుపు దగ్గర వ్యాను గేరు మార్చిన చప్పుడు వచ్చింది. అక్కడ ఏడు మలుపులున్నాయి. ఆవిడ భుజం కింద చెయ్యి బిగించి పట్టుకుని, రెండో మలుపు చప్పుడు కోసం విన్నాను.